శంకరవ్వ బిళ్ళ

రెండు రోజులకని పోతున్న మనిషి సంచిలో కోడలు నాలుగో చీర పెడుతుంటే శంకరవ్వకు గాబరా పుట్టింది.

“గంతగనం ఎందుకు బిడ్డా? ఇయ్యాల శనివారం పోతున్న, సోమవారం పొద్దుగాల మల్ల వస్తున్న. మొయ్యద్దా నేను?”

“వానలు పడుతున్నయి అత్తమ్మా. ఒకటి తడిస్తే ఇంకొకటుండాలె,” అంటూ నవనీత అయిదో చీర కూడా మడతపెట్టింది. అన్నిటికంటే అడుగున ఒక ఖాకీ కవరు దోపింది. “గీ కవరు ఇప్పుడు తియ్యకుండ్రి. రేపు చర్చిల పూజ అయినంకనే చూడుండ్రి. ముందుగాల చూస్తే ఉత్తగనే పరేషాన్ అయితరు.”

ఆ మాటతోనే శంకరవ్వ పరేషాన్ అయిపోయింది. ఎవరు సంచి సర్దినా, ఇక తిరిగి రారేమోనని ఆమెకు భయం. అన్న సాంచాల మీద బట్ట నేసే పనికి భీవండి పోతానని రేకుపెట్టె సర్దుకున్న రోజునే అది మొదలైంది. వెళ్ళినవాడు రెండు ఉత్తరాలు రాశాడు, మూడోది రాయలేదు. అసలు పోయినవాడు మాత్రం సంచే సర్దలేదు. మొగుడు దశరథం, మందమర్రిలో బొగ్గుబావి కార్మికుడు, 1991 జూన్‌లో ఒక పొద్దున టిఫిన్ డబ్బా ఒక్కటి పట్టుకుని మొదటి షిఫ్టుకు పోయాడు. సాయంత్రమైనా ఇంటికి రాలేదు. ఎనిమిదేళ్ళ కొడుకును చంకలో ఎత్తుకున్నంత పని చేసి బావి దగ్గరికి ఉరికింది. బావిలోకి దిగే ప్రతి మనిషీ తలదీపాలు ఇచ్చే దీపాల గది దగ్గర తన నంబరు బిళ్ళను బోర్డు మీద మొలకు తగిలించి దిగుతాడు, పైకి వచ్చాక తీసుకుపోతాడు. షిఫ్టు అయిపోయాక బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే ఆ ఇంట్లో ఏడుపే. శంకరవ్వ చూసేసరికి దశరథం మొల, 214, ఖాళీగా ఉంది. “బిళ్ళ తీసుకున్నడు వదినా. మంచిగనే మీదికొచ్చిండు,” అన్నాడు దీపాల గది సదానందం. ఆమె అక్కడే కూలబడి సంతోషంతో ఏడ్చింది. ఎన్ని సంగతులు మరిచిపోయినా, ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ సిగ్గు. ఎందుకంటే దశరథం బావిలోంచి వచ్చాడు గానీ ఇంటికి రాలేదు. ఏడాది తర్వాత ఎవరో చెప్పారు, భైంసాలో పత్తి మిల్లు దగ్గర వేరే ఆమెతో కాపురం ఉంటున్నాడని.

అప్పటినుంచి ఆమె విధవ కాదు, పెళ్ళాం కాదు. ఏ వరుసలో నిలబడాలో చెప్పేవాళ్ళు లేరు. మందమర్రి చర్చి హాస్టల్లో వంట చేసి కొడుకు సాగర్‌ను చదివించింది. చర్చిలో పూజపీఠం మీద పరిచే తెల్లబట్టలు ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేయడం కూడా ఆమె పనే. దానికి మాత్రం జీతం లేదు, అది సేవ. ఇరవై ఏళ్ళకు పైగా చేసిన ఆ సేవలో ఆమెకు దక్కింది ఒక్కటే, చదువు. ఎవరూ నేర్పలేదు. నోటికి వచ్చిన జపాలనే పూజ పుస్తకంలో వేలు పెట్టి వెతుక్కునేది. ఇక్కడ ‘తండ్రీ’ అని ఉండాలి, కాబట్టి ఇది ‘త’ అయి ఉంటుంది. అట్లా ఒక్కో అక్షరాన్ని దొరకబుచ్చుకుంది. ఇప్పుడు కిరాణా పొట్లాం కాగితం నుంచి పిల్ల పాఠం దాకా ఏది దొరికితే అది చదువుతుంది.

మనవరాలు వినోదకు రెండేళ్ళప్పుడు, “ఒక నెల ఉండు అవ్వా, పిల్ల జర పెద్దగయ్యేదాక,” అని సాగర్ తల్లిని కరీంనగర్ తీసుకొచ్చాడు. ఆ నెల ఎనిమిదేళ్ళు సాగింది. మార్చిలో కరోనా వచ్చి అందరూ ఇంట్లో కూర్చున్నాక, ఆమెకు మాత్రం కూర్చునే వేళ లేకుండా పోయింది. ముందు గదిలో సాగర్ ఆఫీసు, లోపలి గదిలో నవనీత ఫోను ముందు నిలబడి చెప్పే పాఠాలు, మధ్యలో వినోద వినే పాఠాలు, వంటింట్లో శంకరవ్వ. “అవ్వా, గిన్నెలు జర మెల్లగ కడుగు, మీటింగ్ నడుస్తుంది.” “అవ్వా, ఇంకో చాయ్.” “అవ్వా, గా కుక్కర్ సీటీ ఆపరాదు?” కుక్కర్‌కు చెప్పవలసిన మాట కూడా సాగర్ ఆమెకే చెప్పేవాడు. ఒకసారి నడుం పట్టేసిందంటే నవ్వి, “నీకేం ఫికర్ అవ్వా, నీడపట్టున కూసుంటున్నవ్, వేళకు తింటున్నవ్,” అన్నాడు. చెడ్డవాడు కాడు. తల్లి మొహం ఎట్లా ఉందో చూడడం ఎప్పుడో మానేశాడు, అంతే. ఆమె మాత్రం పొయ్యి ముందు నిలబడి, నేను నీడపట్టున ఎప్పుడు కూచున్నానా అని వారం రోజులు గుర్తు చేసుకుంది. దొరకలేదు.

ఆదివారం ఒక్క అరగంట ఆమెది. చర్చిలు మూసేశాక, పుస్తకం పట్టుకుని మిద్దె మీదికి ఎక్కి, మందమర్రి కాలనీలో ఉండే లస్మవ్వకు ఫోను చేసి ఆ వారం బైబిలు వాక్యం చదివేది. లస్మవ్వకు డెబ్బయి ఒకటి, కండ్లు ఆనవు. ఫోను స్పీకర్లో పెట్టి గడపలో ఉంచితే ఇంకో అయిదుగురు ముసలివాళ్ళు దూరం దూరంగా కూర్చుని వినేవాళ్ళు. “ఫాదర్ చదివితె నిద్రొస్తదే. నువ్వు చదివితె ఎవలో ఇంటిముందరికొచ్చి ముచ్చట చెప్తున్నట్టుంటది,” అనేది లస్మవ్వ. ఆ మాట చాలు, వారమంతా గిన్నెలు తేలికగా ఉండేవి.

ఎక్కడెక్కడో జూన్‌లోనే తెరిచినా, మందమర్రి చర్చి ఆగి ఆగి ఆగస్టు తొమ్మిదిన తెరవాలని నిర్ణయించింది. పీఠం బట్టలు అయిదు నెలలుగా పెట్టెలోనే ఉన్నాయని, ఆ పని తెలిసిన ఆమెనే ఒకసారి రమ్మని ఫాదరే ఫోను చేశాడు. సాగర్ కాసేపు ఆలోచించి, “సరే, పో. సోమవారం పదింటికి నాకు పెద్ద మీటింగ్ ఉన్నది. తొమ్మిదింటికల్ల ఇంట్ల ఉండాలె మరి,” అన్నాడు. ఉంటానని మాట ఇచ్చింది.

బస్సులో మాస్కు కింద ఊపిరి ఆడక, కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. నాలుగుసార్లు చేయి అడుగుదాకా పోనిచ్చి కవరును తడిమింది. కాగితాలు, ఇంకేదో గట్టిది. డాక్టరు రిపోర్టా? నవనీతకు ఏమైనా అయిందా? లేక ఇల్లు అమ్ముతున్నారా? తీసి చూడొచ్చు. కానీ భయస్తులకు తెరిచిన కవరు కంటే తెరవని కవరే నయం. గోదావరి వంతెన మీద సిలువ గుర్తు వేసుకుని, కవరు సంగతి దేవునికే అప్పగించింది. మంచిర్యాల దాటి, వాన కడిగిన నల్లని రోడ్డు కనిపించగానే మాస్కు కింద నోరు దానంతటదే నవ్వింది. తనకు తెలియకుండానే ఎంతసేపటినుంచి నవ్వుతూ ఉందో.

చర్చిలో సందడిగా ఉంది. కుర్రాళ్ళు నేల మీద ఆరడుగులకొక గుండ్రం గీస్తున్నారు. గేటు దగ్గర సబ్బు, నల్లా పెట్టారు. పాటలు పాడొద్దు, సత్ప్రసాదం నోట్లో కాదు, చేతిలోనే, లోపల యాభై మందే. అరవై అయిదు దాటినవాళ్ళు ఇంట్లోనే. శంకరవ్వకు అరవై మూడు, ఆధారు కార్డు సాక్షిగా. పీఠం బట్టలు నీళ్ళలో వేయగానే అయిదు నెలల ముక్కిన వాసన బుడగలు బుడగలుగా పైకి వచ్చింది. ఉతికి ఆరేసి, చేతులు తుడుచుకుంటుంటే ఫాదర్ వచ్చాడు. కేరళ నుంచి వచ్చిన చిన్న వయసు మనిషి, పుస్తకంలా మాట్లాడతాడు.

“అమ్మా, ఇళ్ళలో ఉండిపోయే పెద్దవాళ్ళు పద్నాలుగు మంది. ఫోనులో మీరు చదివేది ఆరుగురే విన్నారు, మిగిలినవాళ్ళు నన్ను పోరుతున్నారు. గడప బయట నిలబడి చదివేందుకు ఒక మనిషి కావాలి. వాక్యం చెప్పే ఉపదేశి ఉండే గది ఖాళీగానే ఉంది. మీరు ఉంటారా?”

శంకరవ్వ తుడిచిన చేతులనే మళ్ళీ తుడుచుకుంది. “సోమవారం తొమ్మిదింటికల్ల ఇంట్ల ఉండాలె ఫాదర్. మాటిచ్చిన,” అంది. ఆ మాట అంటున్నప్పుడు తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

మధ్యాహ్నం సదానందం పిలిచాడు. దీపాల గదిలో పనిచేసి రిటైరైన మనిషి, ఇప్పుడు చర్చి కమిటీ పెద్ద. తలుపు పక్కన ఒక చెక్క బోర్డు బిగించి, యాభై మొలలు కొట్టాడు. డబ్బా మూతలు గుండ్రంగా కత్తిరించి, మొలతో గుచ్చి నంబర్లు వేసిన బిళ్ళలు బల్ల మీద తళతళలాడుతున్నాయి.

“చూడు వదినా, సేఫ్టీ అంటె గిట్లుండాలె. లోపలికి పొయ్యేటోడు బిళ్ళ తగిలియ్యాలె, బయటికొచ్చేటప్పుడు తీసుకొని పోవాలె. మొలలు నిండినయా, తలుపు బందు. ఇంటికొక్కరు, ఇంటికొక్క బిళ్ళ.”

“గీ నంబర్లేంది?”

“ఎవల దీపం నంబరు వాళ్ళకే! ముప్పై ఏండ్లు ఇచ్చిన చెయ్యి, మరుస్తదా?” గర్వంగా ఒక బిళ్ళ తీసి చాచాడు. “ఇగో, మీది. 214. దశరథన్నది.”

శంకరవ్వ ఆ బిళ్ళను చూసింది. ముప్పై ఏళ్ళుగా ఆ నంబరు కలలోకి వస్తే ఉలిక్కిపడి లేచేది. ఇప్పుడు అది ఒట్టి డబ్బా మూతలా ఉంది, అంచుకు ఇంకా పాలపొడి బొమ్మ అతుక్కుని. భయం రాలేదు. నవ్వొచ్చింది.

“సదానందం, నేనెన్నడన్న బావిల దిగిన్నా?”

“లేదు గద.”

“మరి గిది నాది ఎట్లయితది? గీ నంబరాయన బిళ్ళ తీసుకొని ముప్పై ఏండ్ల కిందనే పోయిండు. నువ్వే చూసినవ్, నువ్వే నాకు చెప్పినవ్. పోయినోని బిళ్ళ మీద నేను లోపలికి పోవాల్నా? ఉతికిన బట్టలు నావి, అయిదు నెలలు చదివిన నోరు నాది. నాకు నా బిళ్ళ కావాలె. లేదంటె నేను బయటనే కూసుంట.”

సదానందం తల గోక్కున్నాడు. “నీకు నంబరు లేదు గద వదినా?”

“పేరున్నది.”

బల్ల మీద ఖాళీ మూత ఒకటి తీసుకుని, కుర్రాళ్ళ దగ్గర నల్లని మార్కరు అడిగి, నెమ్మదిగా రాసింది. శం. క. ర. ‘వ్వ’ దగ్గర చోటు సరిపోక కిందికి వంగింది. జీవితంలో తన పేరును ఒక సంతకం కోసం కాకుండా రాయడం ఇదే మొదలు.

వెనకనుంచి చూస్తున్న నర్మద, సదానందం భార్య, చేయి చాచింది. “గా మార్కరు ఇటియ్యి వదినా. ఇంటికొక్కరంటె ఈయన తన పేరే రాసుకుంటడు. అయిదు నెలలు ఉపవాసాలు నేను ఉంటి, రేపు పూజకు ఈయన పోతడా?”

“నేను పెద్దమనిషినే నర్మదా!”

“పెద్దమనిషివి, బయట నిలబడి బోర్డు చూడు.”

అంతే, మాట కాలనీలో పాకింది. సాయంత్రం అయ్యేలోపు బల్ల ముందు ఆడవాళ్ళ వరుస, ఆరడుగులకొకరు. ఒకామె ఇంట్లోంచి నెయ్యి డబ్బా మూతే పట్టుకొచ్చింది. “మా ఆయినకు మోకాళ్ళ నొప్పులు, నేనే వస్త.” “మా ఆయినకు నొప్పులు లేవు, అయినా నేనే వస్త.” రాయరానివాళ్ళకు శంకరవ్వ రాసిపెట్టింది. మగవాళ్ళు మా సంగతేమిటని గొడవపడితే, ఫాదర్ నవ్వుతూ ఒక పూజకు బదులు రెండు పూజలన్నాడు. సదానందం ఇంకో బోర్డు కోసం చెక్క వెతుక్కుంటూ, “గిసొంటి షిఫ్టు నేనెన్నడు చూడలే,” అని గొణిగాడు.

ఆదివారం తెల్లవారి గంట మోగింది. అయిదు నెలల తర్వాత మోగిన ఆ గంటకు కాలనీలో కుక్కలన్నీ మొరిగాయి. గేటు దగ్గర చేతులు కడుక్కుని, నుదుటికి జ్వరం చూసే పిస్తోలు లాంటిది పెట్టించుకుని, ఒకరినొకరు కండ్లు చూసి గుర్తుపట్టుకుంటూ లోపలికి వచ్చారు. శంకరవ్వ తన బిళ్ళను మొలకు తగిలించింది. ఇస్త్రీ చేసిన తెల్లబట్ట మీద దీపాల వెలుగు పడి, ఎవరి ఇంట్లోనో పెళ్ళి జరుగుతున్నట్టుంది.

మొదటి పఠనం చదివే అబ్బాయికి జ్వరంగా ఉందని ఇంట్లో ఆగిపోతే, ఫాదర్ ఆమె వైపు చూశాడు. వాక్యం చదివే ఆ చోట ఆడమనిషి, అందులో హాస్టల్లో వండిన మనిషి, ఎప్పుడూ నిలబడలేదు. శంకరవ్వ వెళ్ళి నిలబడి చదివింది. గాలిలో లేని దేవుడు, భూకంపంలో లేని దేవుడు, మంటలోనూ లేని దేవుడు ఒక సన్నని స్వరంలో వినిపించిన కథ అది. బొగ్గు కోసం బాంబు పేలిస్తే ఇళ్ళు అదిరే ఊరు కదా, భూకంపం అనగానే నలుగురు తలలూపారు. తన గొంతు సన్ననిదని శంకరవ్వ ఇన్నాళ్ళూ చిన్నతనపడేది. ఆ రోజు పడలేదు. చివరన పాట రికార్డు పెట్టారు, ఎవరూ పాడొద్దన్నారు. నర్మద మాస్కు కింద ముక్కుతో రాగం అందుకుంది. పక్కన ఇంకొకామె. యాభై గుండ్రాల్లోంచి యాభై తేనెటీగల్లా జుమ్మని లేచింది చర్చి. పాడవద్దన్నారు గానీ ముక్కు సంగతి ఎవరూ చెప్పలేదు.

రెండు పూజల మధ్య బల్లలు మందు నీళ్ళతో తుడవాలి. అలవాటుగా ఆడవాళ్ళు కొంగులు బిగించబోతుంటే, నర్మద తడిగుడ్డను మొగుడి చేతిలో పెట్టింది. “నీ బోర్డు జరసేపు నేను చూస్త. నువ్వు తుడువు.” అతను అటూ ఇటూ చూసి తుడిచాడు. మిగిలిన మగవాళ్ళు కూడా తుడిచారు, మూలలు వదిలేసి.

రెండో పూజ కూడా అయింది. జనం బిళ్ళలు తీసుకుని పోయారు. మెట్లు దిగబోతున్న సదానందం ఒక్కసారి వెనక్కి తిరిగి ఆగిపోయాడు. బోర్డు మీద ఒక బిళ్ళ మిగిలింది.

బొగ్గుబావుల ఊరిలో మిగిలిన బిళ్ళను చూసి ఎవరూ నడిచిపోలేరు. గేటు దాకా పోయినవాళ్ళు కూడా వెనక్కి వచ్చారు. ఎవరి చేయి నోటి మీదికి వెళ్ళిందో, ఎవరు దేవా అన్నారో. సదానందం దగ్గరికి పోయి చదివాడు. “శంకరవ్వ.” చర్చిలోకి ఉరికాడు.

ఆమె పీఠం బట్టలు దాచే వస్త్రాల గదిలో పీట మీద కూర్చుని ఉంది, నీడపట్టున. ఒళ్ళో ఖాకీ కవరు తెరిచి ఉంది. అందులో ఆమె ఆధారు కార్డు, సాగర్ బీరువాలో ఉండే ఆమె ఒంటరి మహిళ పింఛను కాగితాలు, ఇంకో జత కళ్ళద్దాలు, నవనీత చేతిరాత.

‘అత్తమ్మా, సోమవారం రాకుండ్రి. మిద్దె మీద మీరు చదువుతుంటె మెట్ల మీద కూసొని విన్న. వంటింట్ల గా గొంతు నాకెన్నడు వినబడలే. మీరున్నన్ని రోజులు మీ కొడుక్కు చాయ్ గిన్నె ఏడుంటదో తెల్వది. నాక్కూడ మీరు చేసి పెట్టుడు అలవాటయింది, అబద్ధమెందుకు. ఆయినకు నేను చెప్పుకుంట. వినోదను సెలవులకు పంపిస్త.’

శంకరవ్వ దాన్ని మూడుసార్లు చదివింది. ఎనిమిదేళ్ళలో ఆ ఇంట్లో ఆమెను ఎవరైనా విన్నారని ఆమెకు తెలియదు. ఇన్నేళ్ళూ వాళ్ళు వెళ్ళిపోతారేమో, వీళ్ళు వెళ్ళిపోతారేమో అని గుమ్మాలు చూసి చూసి భయపడింది. తను కూడా ఒక గుమ్మం దాటగలదని ఎన్నడూ తోచలేదు.

“వదినా, పానం పోయినంత పనాయె!” సదానందం ఆయాసపడుతూ వచ్చాడు. “బిళ్ళ మరిసిపోయినవ్!”

“మరిసిపోలే,” అంది శంకరవ్వ కళ్ళద్దాలు మార్చుకుంటూ. “నేనింక లోపలనే ఉన్న. దాన్ని తియ్యకు. ఫాదర్‌ను పిలువు, జీతం మాట్లాడేదున్నది. గిది సేవ కాదు, పని.”

ఆ సాయంత్రం లస్మవ్వ గడపకు ఆరడుగుల అవతల నిలబడి వాక్యం చదివింది. “ఫోనులకంటె మంచిగ వినబడుతుందే,” అంది లస్మవ్వ, వింటూ వింటూ చేత్తో గాలిని తడుముతూ. “ఎల్లుండి మల్ల వస్తవా?”

“రేపే వస్త.”

సోమవారం తొమ్మిది దాటాక ఫోను మోగింది. “అవ్వా,” అన్నాడు సాగర్. డబ్బాలు తీసి మూస్తున్న చప్పుడు. వెనకనుంచి వినోద, “బాపమ్మనడుగు బాపూ,” అంటోంది. చివరికి అడిగాడు. “చాయ్‌పత్త ఏడుంటదవ్వా?”

“పొయ్యి మీద రెండో అర, ఎర్ర డబ్బా. నీళ్ళు మసిలినంక వెయ్యి బిడ్డా,” అని చెప్పి, ఆమె పుస్తకం చంకలో పెట్టుకుని మూడో గడపకు బయల్దేరింది.

దశరథం 1991 జూన్‌లో బిళ్ళ తీసుకుని పోయాడు, మందమర్రికి తిరిగి రాలేదు. శంకరవ్వ 2020 ఆగస్టు ఎనిమిదిన రెండు రోజులకని అయిదు చీరలతో పోయింది, కరీంనగర్ వంటింటికి తిరిగి రాలేదు.